పదకొండు మీటర్ల అబద్ధం

ఆ ఎండాకాలం ప్రతి మంగళవారం నేను తొమ్మిది బావుల్లోకి టేపు దించాను. ఎనిమిది బావులవాళ్ళు నన్ను చూడగానే మొహం తిప్పుకునేవాళ్ళు. తొమ్మిదోది మా బావి. అక్కడ మా మరిది మొహం తిప్పుకునేవాడు కాదు. నా వెనకే నిలబడి, నేను ఏం రాస్తున్నానో భుజం మీదుగా చూసేవాడు.

కొండ మీద గని వస్తోంది. రాయిని పిండి చేసి, అందులో కావలసింది తీసుకుని, మిగిలిన మడ్డిని నీళ్ళలో కలిపి గొట్టాల్లో కిందికి వదులుతారట. అది నిలవడానికి ఒక చెరువు కావాలి. దానికి మా పొలాలున్న పల్లాన్ని ఎంచుకున్నారు. పల్లం కింద నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, మడ్డిలో ఉన్న విషం ఇంకితే వాటిని అందుకుంటుందా, పల్లం అడుగున ఊట మీద బతికే జీవాలు ఏమవుతాయి, ఇవన్నీ కొలిచి చెప్పాకే చెరువుకి అనుమతి.

కొలవడానికి మొదట ఒక బోరుబండి వచ్చింది. కొత్త గొట్టాలు దింపి నీళ్ళు చూస్తామన్నారు. జనం దారికి అడ్డంగా పడుకున్నారు. అందరికంటే ముందు పడుకున్నది మా మరిది. అతన్ని వీధిలో మైకు అంటారు. అతను నోరు తెరిస్తే అసలు మైకు దండగ. బండి వెనక్కి పోయింది. ఆ రోజు మా వీధిలో గెలిచినంత సంబరం. తరవాత అధికారి వచ్చి, కొత్త గొట్టాలు వద్దంటే ఉన్న బావులే కొలుస్తామన్నాడు. అప్పుడు మా మరిదే ఒక మాట అన్నాడు.

"బయటివాళ్ళు మా బావుల్లో చెయ్యి పెట్టడానికి లేదు. మా వదినకి అంకెలు రాయడం వచ్చు. ఆవిడ కొలిచి ఇస్తుంది."

నేను పొంగిపోయాను. నా నలభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దుతుంటే, "ఇప్పుడు కలెక్టరు అవుతావా వదినా?" అని నవ్వినవాడు నలుగురిలో నా పేరు చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఆలోచించలేదు.

పని నేర్పింది నీళ్ళ మేడమ్. బావుల సంగతి చూసే ఇంజనీరు. ఎండకి ముక్కు తోలు లేచిపోయి, ఎప్పుడూ చిరాకుగా ఉండేది. ఉక్కు టేపు కొసకి రెండు మీటర్ల పొడవున సుద్ద పూయాలి. బావిగట్టు మీద ఎర్రరంగు గీత దగ్గర టేపు పట్టుకుని, నీళ్ళలో మునిగేదాకా దించి, పైకి లాగాలి. సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి, దించినదాంట్లోంచి అది తీసేస్తే నీళ్ళ లోతు వస్తుంది.

"అంకె పెద్దదైతే నీళ్ళు ఎక్కువని కాదమ్మా. నీళ్ళు అంత కిందికి పోయాయని. తిరగేసి చదివారంటే నా కొంప మునుగుతుంది."

"తిరగేసి చదవడానికి నాకు తిన్నగా చదవడమే కొత్త మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మోటారు ఎప్పుడు ఆపారో ప్రతి బావి దగ్గరా అడగండి. నాలుగు గంటలు కాకపోతే కొలవద్దు. తోడిన బావి అబద్ధం చెబుతుంది. తప్పు రాస్తే చెరపకండి. ఒక్క గీత కొట్టి, పక్కన ఎందుకో రాసి, సంతకం పెట్టండి."

మొదటి మంగళవారం తొమ్మిది చోట్లా అడిగాను. తొమ్మిది చోట్లా ఒకే జవాబు. "నిన్న సాయంత్రం ఆపాం." అదే మాట, అదే వరసలో, పాఠం అప్పచెప్పినట్టు. మా బావి పల్లంలో చివరిది. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"మోటారు ఎప్పుడాపావయ్యా?" అన్నాను మా మరిదితో.

"నిన్న సాయంత్రం."

సుద్ద తడి చూశాను. పదకొండు మీటర్లు. ఎంత ఎండాకాలమైనా మా బావిలో నీళ్ళు నాలుగైదు మీటర్లు దాటి దిగడం నేనెరగను. మోటారు మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. ఎండకి వేడెక్కిందనుకున్నాను. పక్కన కాలవ తడిగా ఉంది. ఎవరో కాళ్ళు కడుక్కున్నారనుకున్నాను. అనుకున్నాను అని ఇప్పుడు రాయడం సులువు. నిజానికి అలా అనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. పుస్తకంలో మోటారు ఆగి ఉంది అని రాశాను. అప్పటికి ఆగే ఉంది మరి.

మూడు వారాలు అలాగే రాశాను.

నాలుగో వారం మేడమ్ గదికి పుస్తకం తీసుకెళ్ళాను. బజారులో మందుల దుకాణం పైన ఒకే ఒక గది అది. బల్ల నిండా పటాలు, వాటి మీద ఎగరకుండా రాళ్ళు. ఆవిడ అంకెలన్నీ చూసి, పెన్సిల్‌తో తల గోక్కుంది.

"పదకొండు, పదిన్నర, పదకొండు ముప్ఫై... నీళ్ళు చాలా లోతుగా ఉన్నాయమ్మా ఇక్కడ. కంపెనీవాళ్ళు ఎగిరి గంతేస్తారు."

"మా బావులు ఎండిపోతే వాళ్ళకెందుకు సంతోషం?"

"మడ్డికీ నీళ్ళకీ మధ్య పదకొండు మీటర్ల మట్టి ఉందన్నమాట. విషం అంత దూరం దిగేసరికి ఎన్నేళ్ళు పడుతుందో. ఇంతకంటే మంచి చోటు దొరకదని నా చేత్తో నేనే రాయాలి." పెన్సిల్ బల్ల మీద పడేసింది. "నాకు నమ్మకం కుదరడంలేదు. కానీ నా దగ్గర ఉన్నవి మీ అంకెలే. గొట్టాలు వేయనిచ్చి ఉంటే బాగుండేది."

అక్కడ ఏమీ అనలేదు. ఇంటికెళ్ళి అన్నాను.

మా మరిది వరండాలో టీ తాగుతున్నాడు. తోటికోడలు బట్టలు మడతపెడుతోంది. అత్తయ్య గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

"మంగళవారం పొద్దున మోటార్లు వేస్తున్నారా మీరంతా?" అని అడిగేశాను.

దాచలేదు. పైగా నవ్వాడు. "ఇన్నాళ్ళకి తెలిసిందా? తెల్లారగానే అందరం ఒకేసారి వేస్తాం. నువ్వు వచ్చే ముందు ఆపేస్తాం. బావులు ఎండిపోయాయని నీ చేత్తో నువ్వే రాసిస్తున్నావు. తాగడానికే నీళ్ళు లేనిచోట గనికి నీళ్ళెక్కడివి? మూటాముల్లె సర్దుకుని పోతుంది కంపెనీ."

"కంపెనీకి కావలసింది మన నీళ్ళు కాదయ్యా. మన పల్లం. దాని కింద నీళ్ళు ఎంత దూరంగా ఉంటే వాళ్ళకి అంత సుఖం. మీరు తోడుతున్నది నీళ్ళని కాదు, మన గోతిని."

"ఎవరు చెప్పారు? మేడమ్మా?"

"మేడమే."

"చూశావా!" అని పెళ్ళాం వైపు తిరిగాడు. "మన ఎత్తు వాళ్ళకి తగిలింది. అందుకే ఈవిడని పంపారు, మోటార్లు ఆపించమని. నిన్నగాక మొన్న ఆ తెల్లచొక్కా వచ్చాడు కదా, కంపెనీ వాడు. మన బావులు చూసి ఎంత దిగులు పడ్డాడు! 'అయ్యో, ఇలా ఎండిపోతున్నాయేమిటండీ, మా పని కష్టమయ్యేలా ఉందే' అని తల పట్టుకున్నాడు."

"దిగులు నటించాడు. మీరు ఇంకా గట్టిగా తోడాలని."

"వాడు నటించాడు, మేడమ్ నిజం చెప్పింది. అంతేనా? ఇద్దరూ కంపెనీ జీతగాళ్ళే వదినా. ఇప్పుడు నువ్వు మూడోదానివి."

తోటికోడలు మడతపెట్టిన చీర మళ్ళీ దులిపింది. "నాలుగు ముక్కలు వచ్చేసరికి అక్కకి మనమంతా చదువురానివాళ్ళలా కనిపిస్తున్నాం."

"మీ ఆయన ఉంటే ఇలా వీధిన పడి బావులు కొలిచేదానివా?" అంది అత్తయ్య. ఆవిడ మాట్లాడటమే తక్కువ. మాట్లాడితే అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలేది.

మర్నాటికి ఈ మాట వీధంతా పాకింది. పాలు పోసే ఆవిడ మా గుమ్మం దగ్గర నన్ను దాటి తోటికోడలి గిన్నెలో పోసి వెళ్ళింది. కుళాయి దగ్గర నేను నిలబడితే వరస వంకర తిరిగి, నన్ను వదిలేసి, నా వెనకనుంచి మొదలయ్యేది. "కంపెనీ అత్త వచ్చింది, దారివ్వండి" అని ఒకామె అంటే మిగిలినవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఐదో మంగళవారం నేను మొదటి బావికి వెళ్ళలేదు. వెలుగు రాగానే తిన్నగా పల్లంలోకి దిగాను. మా బావికి ఎనభై అడుగుల దూరంలో గట్టు కూలిన పాత బావి ఒకటుంది. దానికి మోటారు లేదు, తోడేవాళ్ళు లేరు. గట్టు కూలింది కనక ఎర్రగీత గీయడానికి చోటు లేదని మేడమ్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కిందటి వారం ఇంటికి పోతూ అందులోకి తొంగి చూస్తే ఒకటి కనిపించింది. నీళ్ళకి పైన, మూరెడు మేర రాళ్ళు తడిగా ఉన్నాయి. ఎవరూ తోడని బావిలో నీళ్ళు ఎలా దిగాయి? పక్కనే ఊట కూడా నడవడం ఆగిపోయింది. వేలెడంత చేపపిల్లలు బురదలో నోళ్ళు తెరుస్తున్నాయి. అప్పటినుంచి వారం రోజులు నాకు వేరే ఆలోచన లేదు.

కూలిన గట్టులో కదలని రాయి ఒకటి చూసి దాని మీద సుద్దతో గీత గీశాను. టేపు దించాను. నాలుగు మీటర్ల ఐదు సెంటీమీటర్లు. అదీ మా పల్లంలో నీళ్ళ అసలు లోతు. అంకె తిన్నగా రాశాను.

ఆరు గంటలకి మా మోటారు మొదలైంది. తుంగలో కూర్చుని అరగంటకోసారి పాత బావిలో టేపు దించాను. నాలుగు పన్నెండు. నాలుగు ఇరవై ఒకటి. నాలుగు ముప్ఫై మూడు. అక్కడ మా మోటారు లాగుతుంటే ఇక్కడ ఎవరూ ముట్టని నీళ్ళు దిగుతున్నాయి. పదకొండు గంటలకి మోటారు ఆగింది. నాలుగు అరవై. ఊట మళ్ళీ ఆగిపోయి ఉంది. జీవాలు అని ఉన్న గడిలో, చేపపిల్లలు బురదలో, కప్పలు రాతి కింద అని రాశాను.

నేను తుంగలోంచి లేచి వచ్చేసరికి మా మరిది చేతులు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"మిగతా బావులు చూడలేదా?"

"ఈ రోజు ఇదొక్కటే."

"సరే, పదకొండు రాసుకుని పో."

టేపు దించాను. పదకొండు పది. రాశాను. తరవాత గట్టు మీద కూర్చున్నాను.

"ఇంకా ఏమిటి?"

"నిండేదాకా చూస్తాను."

అతని మెడనరాలు లేచాయి. "వదినా, లే."

"నాలుగు గంటలు ఆగాలి. అది పద్ధతి."

"మళ్ళీ మోటారు వేస్తాను!"

"వెయ్యి. ఎన్ని గంటలకి వేశావో అదీ రాస్తాను."

స్టార్టరు పెట్టె మీద చెయ్యి పెట్టాడు. నేను గడియారం చూసి, పెన్ను మూత తీశాను. ఆ పెన్ను వైపు చూశాడు. అన్న బతికుండగా నాకు ఎదురు నిలబడి మాట్లాడని పిల్లాడు. పెళ్ళిచూపులకి చొక్కా నేను ఇస్త్రీ చేసి ఇచ్చాను. చెయ్యి దించేశాడు.

"కంపెనీ నీకు ఇల్లు కట్టిస్తుందేమో. పో, అందులో ఉండు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

నీళ్ళు పెరుగుతూ వచ్చాయి. తొమ్మిది మీటర్లు, ఏడు, ఐదున్నర. మధ్యాహ్నం మూడు దాటేసరికి నాలుగు ముప్ఫై. రెండు బావుల మధ్య ఎన్నిసార్లు తిరిగానో చెప్పులు చెప్పాలి. సాయంత్రం ఊట సన్నగా కదిలింది.

పుస్తకం అలాగే పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడ చదువుతూ చదువుతూ నిలబడిపోయింది.

"ఇది మీకెవరు చెప్పారు చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు."

"పల్లమంతా ఒకటే నీళ్ళు. ఒకచోట లాగితే ఇంకోచోట దిగుతోంది, ఊటతో సహా. అంటే ఒకచోట విషం దిగితే..." కుర్చీలో కూర్చుంది. "కానీ ఇలా చెల్లదమ్మా. మోటారు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు, మీరు చూశారా అన్నది ఉండాలి. ఎవరో వేశారంటే కంపెనీవాళ్ళు చింపి పారేస్తారు. ముందు వారాల అంకెలు కొట్టేయాలన్నా కారణం రాయాలి."

తొమ్మిదిమందీ వేశారని నాకు తెలుసు. కళ్ళారా చూసింది మాత్రం మా మోటారే. మేడమ్ పెన్ను నా ముందు పెట్టి, టీ తెస్తానని కిందికి వెళ్ళింది. కావాలనే వెళ్ళిందనుకుంటాను.

పాత అంకెల మీద ఒక్కో గీత కొట్టాను. మోటారు వేసినవారు అన్న గడిలో మా మరిది పేరు రాశాను. బంధుత్వం రాయడానికి గడి లేదు. కింద సంతకం పెట్టాను. ఆవిడ వచ్చేసరికి సిరా ఆరిపోయింది.

చెరువు మీద ప్రజాభిప్రాయ సభ పది రోజుల తరవాత, బడి ఆవరణలో, రేకుల షెడ్డు కింద జరిగింది. రేకులు కాలిపోతున్నాయి. మా మరిది రెండు గంటలు మాట్లాడటానికి సిద్ధమై వచ్చాడు. అతనికంటే ముందు తెల్లచొక్కా లేచాడు. ఆ రోజు మొహంలో దిగులు లేదు. నా పేజీ నకలు పైకెత్తి చదివాడు.

"తెల్లవారి ఆరునుంచి పదకొండుదాకా మోటారు నడిపి, ఆగి ఉందని కొలిపించారు. ఇదయ్యా వీళ్ళ నిజాయితీ! ఈయనేనా మీ నాయకుడు?"

షెడ్డులో గుసగుసలు. వెనక వరసలోంచి ఒకడు లేచాడు. నాలుగో నంబరు బావి అతనిదే. "ఏం మైకూ, ఇలాంటి పని చేశావా? మాకు ఒక్క మాటైనా చెప్పలేదే!" అన్నాడు. పక్కనున్న ఏడో నంబరు బావి మనిషి విస్తుపోయినట్టు తల ఆడించాడు. మా మరిది వాళ్ళిద్దరినీ చూశాడు. తరవాత నన్ను. నోరు తెరిచాడు. మాట రాలేదు.

అధికారి అడిగాడు. "ఇది రాసిందెవరు?"

లేచి నిలబడ్డాను. "నేనేనండి. పేజీ అక్కడితో అయిపోలేదు. వెనక కూడా ఉంది."

తెల్లచొక్కా కాగితం వెనక్కి తిప్పలేదు. మేడమ్ తిప్పింది. పాత బావి, నాలుగు ఐదు, నాలుగు అరవై, మళ్ళీ నిండిన గంటలు, ఊట, చేపపిల్లలు, అన్నీ చదివింది. గొంతులో ఎప్పటి చిరాకే. అయిపోయాక ఒక మాట అంది. "ముందు సగం నిజమని మీరే ఒప్పుకున్నారు కదా. రెండో సగం కూడా అదే చేత్తో రాసింది."

పల్లం ఈ పనికి తగదని అధికారి రాసుకున్నాడు. వేరే చోటు చూసుకోమన్నాడు. జనం ఈలలు వేశారు. ఎవరో నాలుగో నంబరు బావి మనిషిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మా మరిది రేకుల కిందనుంచి ఎండలోకి ఒక్కడే నడిచి వెళ్ళిపోయాడు.

నేను ఇంటికి వెళ్ళేసరికి నా పెట్టె వరండాలో ఉంది. తోటికోడలు గడపకి అడ్డంగా నిలబడింది. "ఆయన అన్నం ముట్టుకోలేదక్కా. నువ్వు లోపలుంటే ముట్టుకోడు."

"పల్లం దక్కింది కదయ్యా" అన్నాను, గోడ అవతల ఉన్నాడని తెలిసి.

"పల్లం ఊరందరికీ దక్కింది. పోయింది నా ఒక్కడి మొహం." అతని గొంతు వీధి చివరిదాకా వినిపించాల్సింది. గడప కూడా దాటలేదు. "ఇంకెవరి పేరైనా రాయలేకపోయావా?"

"ఎవరిది రాయను? నేను చూడనివాళ్ళదా?"

అత్తయ్య మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడంలేదని వీపు చూస్తే తెలుస్తోంది. పెట్టె నెత్తిన పెట్టుకున్నాను. వీధిలో నలుగురు చూశారు. అందులో ఇద్దరి బావులు నా పుస్తకంలో ఉన్నాయి. పట్టుకోవడానికి ఒక్క చెయ్యీ రాలేదు.

కుట్టుమిషను దుకాణం వెనక ఒక గది అద్దెకి దొరికింది.

వానలు ఇంకా పడకముందే కంపెనీ కొండకి అవతలి వైపు ఇంకో లోయ చూసింది. మేడమ్ కబురు పెట్టింది. మొదటి మంగళవారం నేను అక్కడ బస్సు దిగేసరికి ఎనిమిదైంది. లోయలోంచి మోటార్ల మోత వినిపిస్తోంది. ఒక్కటి కాదు, అన్నీ ఒకేసారి.

మొదటి బావి దగ్గర నా వయసు ఆడమనిషి ఒకామె చీపురుతో గట్టు ఊడుస్తోంది. నా చేతిలో టేపు చూడగానే చీపురు అడ్డం పెట్టింది.

"కంపెనీ మనిషివా?"

"కొలిచే మనిషిని. మోటారు ఆపమ్మా. అందరినీ ఆపమను. మీరు ఎంత తోడితే వాళ్ళకి అంత మేలు."

"ఆహా! మాకు బుద్ధి చెప్పడానికి వచ్చావా? ఎవరు నువ్వు?"

"కొండ అవతల పల్లంలో మోటారు వేసి సభలో పట్టుబడ్డాడే, మైకు. వాడి వదినని."

చీపురు దించలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆ కబురు కొండ దాటి వచ్చే ఉంటుంది. "పట్టిచ్చిందీ నువ్వేనా?"

"నేనే."

ఆమె నామీంచి చూపు తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి ఎర్ర బటను నొక్కింది. ఆ ఒక్క మోటారు ఆగింది. మిగతావి మోగుతూనే ఉన్నాయి.

గడియారం చూసి గంట రాసుకున్నాను. గట్టు మీద, ఆమె ఇంకా ఊడవని చోట కూర్చున్నాను. ఇక్కడా నాలుగు గంటలు ఆగాలి.